పచ్చి ఇటుకతో ఇల్లు: ఎండ ప్రాంతాల్లో మట్టి గోడ కట్టే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

వానలు తక్కువగా పడి ఎండ బాగా కాసే ప్రాంతాల కోసం ఇది రాస్తున్నా. పచ్చి ఇటుక, అంటే బట్టీలో కాల్చకుండా ఎండలో ఆరబెట్టిన మట్టి ఇటుకతో ఒక గదో చిన్న ఇల్లో కట్టుకోవాలంటే మట్టి తవ్వడం నుంచి పైపూత దాకా ఏం చెయ్యాలో వరసగా చెప్తాను. మట్టి కట్టడాల్లో వేరే రకాలు కూడా ఉన్నాయి, చెక్కల మధ్య మట్టి పోసి దిమ్మిసతో కొట్టేవి, ముద్దలు పెట్టుకుంటూ లేపేవి, కర్రల తడికకి మెత్తేవి, కానీ మొదటిసారి చేసేవాళ్ళకి పచ్చి ఇటుకే తేలిక అని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు జరిగితే ఒక్క ఇటుక పోతుంది, గోడ పోదు.

పని మొదలెట్టే ముందే బుర్రకెక్కించుకోవాల్సింది ఒకటుంది. మట్టి గోడ వయసు మీదపడి కూలదు, నీళ్ళు పట్టి కూలుతుంది. ఈజిప్టులో లగ్జర్ దగ్గర రామెస్సియం గుడిని ఆనుకుని పచ్చి ఇటుకల కమానులతో కట్టిన పాత కొట్లున్నాయి, దాదాపు 3,200 ఏళ్ళ నాటివి, వాటిలో కొన్ని కమానులు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. యెమెన్‌లో షిబామ్ అనే ఊళ్ళో మట్టి మేడలు 7 అంతస్తుల దాకా ఉంటాయి, చాలావరకు 16వ శతాబ్దం నుంచి వస్తున్నవి, జనం వాటిల్లోనే కాపురాలుంటున్నారు. అదే షిబామ్‌కి 2008 అక్టోబరులో వరదొచ్చి కొన్ని ఇళ్ళు దెబ్బతిన్నాయి. అన్నేళ్ళ ఎండకీ గాలికీ చెక్కుచెదరని గోడలు కింద నీళ్ళు చేరేసరికి మెత్తబడిపోయాయి. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటే, ఇక్కడ పడ్డ నీళ్ళు ఎటు పోతాయి?

పర్యావరణానికి ఎంతవరకు మేలు

ప్రపంచం మొత్తం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది, సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల దాకా కాల్చాలి, పైగా ఆ వేడికి రాయిలోంచే వాయువు బయటికొస్తుంది. కాల్చిన ఇటుకకి 900-1,000 డిగ్రీలు కావాలి. పచ్చి ఇటుకకి ఎండ చాలు. ఇల్లు అక్కర్లేదనుకున్న రోజున గోడ మళ్ళీ మట్టిలో కలిసిపోతుంది.

కానీ ఈ లెక్క మన చేతులతో మనమే చెడగొట్టుకోవచ్చు. మట్టిని ఎక్కడో దూరం నుంచి లారీల్లో తెప్పిస్తే మిగిలిందంతా డీజిల్‌కే పోతుంది. గట్టిదనం కోసమని మట్టిలో 5-8 శాతం సిమెంటు కలిపే పద్ధతి ఒకటుంది, అలా చేసిన దిమ్మెలు తడికి బాగా ఆగుతాయి నిజమే, కాకపోతే గోడ లావుగా ఉంటుంది కాబట్టి మొత్తం మీద పట్టే సిమెంటు తక్కువేమీ కాదు, ఆ ఇటుకని మళ్ళీ నానబెట్టి వాడుకునే వీలూ పోతుంది. పొడి ప్రాంతంలో పునాది, పైకప్పు సరిగ్గా ఉంటే సిమెంటు కలపాల్సిన పనే లేదు. ఇంకొకటి, పంట పండే పైమట్టిని దయచేసి ముట్టుకోవద్దు. దాన్ని పక్కకి తీసిపెట్టి కింద మట్టి వాడుకుని, తవ్విన గుంటలో మళ్ళీ పరిచెయ్యండి. ఇటుకకి కూడా కింద మట్టే మంచిది, పైమట్టిలో వేర్లూ కుళ్ళే చెత్తా ఉంటాయి.

మొదటి పని: చోటు

వాగు పారే దారిలో, నాలుగువైపుల నీళ్ళు వచ్చి చేరే పల్లంలో, భూగర్భ జలం బాగా పైకి ఉండే చోట కట్టొద్దు. నేల మీద ఎండాకాలంలో తెల్లగా ఉప్పు పొడి కనిపిస్తే ఆ చోటు, ఆ మట్టి రెండూ వదిలెయ్యండి. ఉప్పు నీళ్ళతోపాటు గోడలోకి ఎక్కి, ఆరినప్పుడు గడ్డకట్టి, లోపల్నుంచే గోడని పొడిపొడిగా రాల్చేస్తుంది. కాస్త మెరక మీద, వాలు ఇంటి నుంచి బయటికి ఉండేలా చూసుకుంటే సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి.

మట్టి పరీక్ష (ఇక్కడ మాత్రం తొందరపడొద్దు)

మట్టిలో ఇసుక గోడకి ఎముకలాంటిది, బంక దాన్ని పట్టి ఉంచే జిగురు, మధ్యలో ఉండే సన్నటి ఒండ్రు రెండిటికీ చెందనిది. బంక 15-30 శాతం మధ్య, ఇసుక సగానికి పైన ఉంటే పచ్చి ఇటుకకి సరిపోతుంది. బంక ఎక్కువైతే ఆరేటప్పుడు నెర్రెలు విచ్చుతుంది, తక్కువైతే ఇటుక చేతిలోనే రాలిపోతుంది. ఎండితే నేల మీదే వేళ్ళు దూరేంత నెర్రెలు తీసే నల్లమట్టి ఉంటుంది చూడండి, దాన్ని ఒక్కదాన్నే వాడొద్దు.

ముందు వాసన చూడండి, తడి మట్టి ముక్కుకి కుళ్ళు వాసన కొడితే అది పైమట్టే, ఇంకా కిందకి తవ్వాలి. తర్వాత సీసా పరీక్ష. నిలువుగా ఉండే గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టి గట్టిగా కలిపి ఒకచోట కదపకుండా పెట్టెయ్యాలి. నిమిషం తిరిగేసరికి అడుగున గరుకుగా ఒక పొర దిగుతుంది, అది ఇసుక, అక్కడికక్కడే సీసా మీద గీత పెట్టుకోండి. అరగంట, గంట గడిచాక దాని మీద పిండిలాంటి పొర చేరుతుంది, అది ఒండ్రు. పైన నీళ్ళు మాత్రం టీ రంగులో మసకగానే ఉంటాయి, ఆ మసకంతా బంకే. అది పూర్తిగా దిగి నీళ్ళు తేటపడాలంటే ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది, చివర్లో కనిపించే ఆ నున్నటి పలచని పొరని వేలితో తాకితే జారుతుంది. స్కేలు పెట్టి మూడు పొరలూ కొలిస్తే మీ మట్టి గుణం ఏంటో చాలావరకు తెలిసిపోతుంది. మరీ ఖచ్చితమైన లెక్క కాదు, బంక నీళ్ళకి ఉబ్బి ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ కనిపిస్తుంది.

తర్వాత గోలీల పరీక్ష, పెరూలో భూకంపాల ఇంజనీర్లు పల్లె జనానికి నేర్పించేది ఇదే. తడి మట్టితో 2 సెంటీమీటర్ల గోలీలు నాలుగైదు చేసి కనీసం ఒక రోజు పూర్తిగా ఎండనిచ్చి బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. ఒక్కటి కూడా పగలకపోతే బంక చాలినంత ఉన్నట్టే. పగిలితే వేరే చోట తవ్వండి. పగలకుండా గట్టిగానే ఉండి గోలీ మీద చీలికలు కనిపిస్తే బంక ఎక్కువైంది, ఇసుక కలపాలి. ఎంత కలపాలో పుస్తకం చెప్పదు. ఇసుక కలపకుండా ఒకటి, మట్టి 3 పాళ్ళకి ఇసుక 1 పాలుతో ఒకటి, 2 పాళ్ళకి 1 పాలుతో ఒకటి, ఇలా మూడు రకాల శాంపిల్ ఇటుకలు పోసి రెండు వారాలు ఆగి చూడండి. చీలనివాటిలో గట్టిది ఏదో అదే మీ పాళ్ళు. నేను మొదటిసారి ఈ రెండు వారాలు ఆగలేక నేరుగా 200 ఇటుకలు పోశాను, నాలుగో రోజుకి దాదాపు అన్నిటికీ నడుమ అడ్డంగా చీలికొచ్చింది, అన్నీ మళ్ళీ గుంటలో వేసి నానబెట్టి ఇసుక కలిపి తొక్కుకోవాల్సి వచ్చింది.

అడుసు తొక్కడం

గుంటలో మట్టి పోసి రాళ్ళు ఏరి నీళ్ళు పెట్టి కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు మూడు రోజులు నాననివ్వాలి. బంక గడ్డల లోపలిదాకా నీళ్ళు వెళ్ళాలంటే టైమ్ పడుతుంది, నానకుండా తొక్కితే ఇటుకలో పొడి గడ్డలు అలాగే ఉండిపోయి తర్వాత అక్కడే పగులుతుంది. నానాక ఎండుగడ్డిని వేలంత పొడవున తరిగి, మట్టి 5 బుట్టలకి గడ్డి ఒక బుట్ట లెక్కన చల్లుతూ కాళ్ళతో తొక్కాలి. గడ్డి ఇటుకకి బలం ఇస్తుందని అందరూ అంటారు, అది కొంతే నిజం, గడ్డి చేసే అసలు పని లోపలి తడి బయటికి రావడానికి దారివ్వడం, ఆరేటప్పుడు మట్టి ముడుచుకుంటే ఆ లాగుడుని పంచుకోవడం. పాదానికి ఎక్కడా గట్టి ముక్క తగలకుండా, గడ్డి ఒకచోట ముద్దగా లేకుండా ఉంటే తొక్కడం అయిపోయినట్టే.

ఇటుక పోయడం, ఆరబెట్టడం

అచ్చు చెక్కతో, అడుగు లేకుండా చేయించుకోండి. పొడవు 40, వెడల్పు 20, ఎత్తు 10 సెంటీమీటర్ల కొలత నాకు బాగా కుదిరింది, ఆరిన ఇటుక 13-14 కిలోలుంటుంది, ఒక మనిషి రోజంతా ఎత్తి పెట్టగలడు. అచ్చుని నీళ్ళలో ముంచి, చదునైన నేల మీద కాస్త ఇసుక చల్లి పెట్టి, అడుసు ముద్దని పైనుంచి విసురుగా కొట్టాలి, మెల్లగా నింపితే మూలల్లో బోలు ఉండిపోతుంది. చెక్కతో పైన గీసేసి అచ్చు నిటారుగా లేపండి. ఇటుక కిందకి జారి పొట్ట వస్తే నీళ్ళు ఎక్కువ, అచ్చుకి అంటుకుని అంచులు చిరిగితే నీళ్ళు తక్కువ.

మొదటి రెండు మూడు రోజులు ఎండ నేరుగా తగలకూడదు. ఎండ ప్రాంతంలో ఎండ వద్దనడం వింతగా ఉంటుంది కానీ పైచర్మం ముందే ఆరి బిగుసుకుంటే లోపలి తడి దాన్ని చీల్చుకుని వస్తుంది, అందుకే గడ్డి కప్పండి లేదా నీడలో పొయ్యండి. మూడో రోజో నాలుగో రోజో చేతికి గట్టిగా తగిలాక పక్కకి నిలబెట్టాలి, అప్పుడు అడుగుభాగం ఆరుతుంది. వారం అయ్యాక మధ్యలో గాలి ఆడేలా పేర్చి పైన మాత్రం కప్పండి. మొత్తం 3-4 వారాలు. అయిందో లేదో తెలియాలంటే ఒకదాన్ని పగలగొట్టండి, నడుమ ముదురు రంగు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టు. బలానికి ఇంకో టెస్ట్ ఉంది, రెండు ఇటుకల మీద మూడో ఇటుకని వంతెనలా పెట్టి పెద్ద మనిషి దాని నడుమ ఒక నిమిషం నిలబడాలి, విరక్కపోతే వాడుకోవచ్చు.

ఎన్ని కావాలి అంటే, 40 సెంటీమీటర్ల మందం గోడకి చదరపు మీటరుకి దాదాపు 40. లోపల 4 మీటర్లు బై 4 మీటర్లు, 3 మీటర్ల ఎత్తున్న ఒక గదికి తలుపు కిటికీలు తీసేస్తే 1,900 పైచిలుకు, విరిగేవి కలుపుకుని 2,100 పోసుకోండి.

పునాది

గట్టి నేల తగిలేదాకా, మామూలుగా 45-60 సెంటీమీటర్లు తవ్వి రాయితో కట్టుకోవాలి. అసలు విషయం నేల పైన ఉంది, రాతి కట్టు నేల మీదకి కనీసం 30, వీలైతే 45 సెంటీమీటర్లు రావాలి, మట్టి ఇటుక అక్కడే మొదలవ్వాలి. చూరు నుంచి పడ్డ వాన నేలని కొట్టి ఎగిరే చినుకులు సరిగ్గా ఆ ఎత్తులోనే గోడని కొడతాయి. రాళ్ళ మధ్యకి సున్నం అడుసు చాలు. చుట్టూ ఒక అడుగు వెడల్పున గులకరాళ్ళు పరిచి బయటికి వాలు ఇవ్వండి. గోడని ఆనుకుని పూలమొక్కలు పెట్టి రోజూ నీళ్ళు పొయ్యడం మాత్రం వద్దు, వాన పడని చోట గోడని మనమే తడిపినట్టవుతుంది.

గోడ

మందం 40 సెంటీమీటర్లు అనుకుంటే ఎత్తు దానికి 8 రెట్లు దాటకూడదు, అంటే 3.2 మీటర్లు. ఇటుకల మధ్యకి అదే మట్టితో చేసిన అడుసు వాడాలి, సిమెంటు వద్దే వద్దు, గట్టి జాయింట్ మధ్యలో మెత్తటి ఇటుక ఇరుక్కుంటే ఇటుకే అరుగుతుంది. జాయింట్ రెండు సెంటీమీటర్లు మించనివ్వకండి. పెట్టే ముందు ఇటుకని నీళ్ళతో తడిచేత్తో తుడిచినట్టు తడిపితే చాలు. కింద వరస అతుకు మీద పై వరస ఇటుక నడుమ రావాలి, మూలల్లో రెండు గోడలూ ఒకదానిలోకి ఒకటి అల్లుకోవాలి. నాలుగు గోడలూ ఒకే ఎత్తులో లేపుకుంటూ వెళ్ళండి, రోజుకి మీటరు మించొద్దు, కింద అడుసు ఇంకా పచ్చిగానే ఉంటుంది, బరువుకి జారుతుంది. దారం కట్టి, తూకం గుండు వేసి ప్రతి మూడు వరసలకీ చూసుకోవాలి.

తలుపు, కిటికీ మూలకి దగ్గరగా పెడితే మూల బలం పోతుంది, కనీసం 1.2 మీటర్లు వదలండి. ఒక్కో ఓపెనింగ్ వెడల్పు 1.2 మీటర్లు దాటకుండా, అన్నీ కలిపి ఆ గోడ పొడవులో మూడో వంతుకి మించకుండా చూసుకోవాలి. పైన వేసే చెక్క దూలం రెండువైపులా 40-50 సెంటీమీటర్లు గోడలోకి వెళ్ళాలి. గోడ తలమీద నాలుగువైపులా మూలల్లో బిగించిన చెక్క పట్టీ ఒకటి చుట్టూ వెయ్యాలి, ఇంటికి మొలతాడు కట్టినట్టు. ఇది ఖర్చు అనుకుని వదిలేస్తారు చాలామంది, వదలొద్దు. 2003 డిసెంబరు 26న ఇరాన్‌లోని బామ్‌లో భూకంపం వస్తే సుమారు 26,000 మందికి పైగా పోయారు, పాత మట్టి కోట నేలమట్టమైంది, ఊళ్ళో బరువైన కప్పులు, ఒకదాన్నొకటి పట్టుకోని గోడలు మనుషుల మీద పడ్డాయి. మీది భూకంపాలొచ్చే చోటైతే ఈ గైడ్ ఒక్కటే చాలదు, మట్టి కట్టడాలు తెలిసిన ఇంజనీర్ చూడకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు.

పైకప్పు

పొడి ప్రాంతాల్లో మామూలుగా కనిపించేది మిద్దె, వాసాలు పరిచి దాని మీద రెల్లో చాపో వేసి మట్టి తొక్కేది. ఎంత బరువో ఒకసారి లెక్కేసుకోండి. 15 సెంటీమీటర్ల మట్టి అంటే చదరపు మీటరుకి 255 కిలోలు, పైన చెప్పిన గదికి 4 టన్నులు దాటుతుంది, అది తలమీద ఉంటుంది. ఏటేటా కారుతోందని పాతది తియ్యకుండా 2 సెంటీమీటర్లు కొత్తది తొక్కుతూ పోతే ఒక్కోసారికి ఇంకో 540 కిలోలు. మిద్దెలు కూలడానికి ఇదొక పెద్ద కారణం, ముందు పాతపొర చెక్కి దించండి, తర్వాతే కొత్తది. వాలు ఒకవైపుకి మీటరుకి 2-3 సెంటీమీటర్లు, పిట్టగోడలోంచి తూము గోడకి అర మీటరన్నా దూరంగా నీళ్ళు కక్కాలి. తూము పొట్టిగా ఉంటే నీళ్ళు గోడ మీదుగా కారి ఒక్క వానాకాలంలోనే చాలులా కోసేస్తాయి.

కలప దొరకని చోటుకి నూబియా కమాను ఉంది. వెనకగోడకి వాల్చి ఒక్కో వరస ఇటుకని ముందు వరసకి అతికిస్తూ పోతారు, కింద చెక్క ఆసరా ఏమీ ఉండదు, పల్చటి ఇటుక, బాగా అతుక్కునే అడుసు, వాలు, ఈ మూడే దాన్ని పట్టుకుంటాయి. ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ దీన్ని అస్వాన్ వైపు మేస్త్రీల దగ్గర చూసి నేర్చుకుని 1940ల్లో లగ్జర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరు ఈ పద్ధతిలో కట్టించాడు. చూసి మాత్రం చెయ్యలేరు, తెలిసిన మేస్త్రీ పక్కన ఒక సీజన్ పని చెయ్యాలి.

పూత: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

గోడ మొత్తం ఆరి, కుంగాల్సింది కుంగాక, అంటే రెండు మూడు నెలల తర్వాతే పూత. జల్లించిన మట్టి, ఇసుక, సన్నగా తరిగిన గడ్డి నీళ్ళలో కలిపి వారం పది రోజులు ముగ్గనివ్వండి, గడ్డి మెత్తబడి జిగట పుడుతుంది. గోడ తడిపి మొదటి పూత రెండు సెంటీమీటర్లు గరుకుగా వదిలేసి, అది ఆరాక పైది పల్చగా. వాన కొట్టే వైపు సున్నం పూత కూడా వేసుకోవచ్చు, సున్నం తడిని బయటికి పోనిస్తుంది.

సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు. అమెరికాలో న్యూ మెక్సికోలో రాంచోస్ డి తావోస్ అనే ఊళ్ళో పాత మట్టి చర్చి ఉంది. ప్రతిసారీ పూత వెయ్యడం బాధ తప్పుతుందని 1967లో గట్టి సిమెంటు పూత వేశారు. సన్నటి చీలికల్లోంచి నీళ్ళు లోపలికెళ్ళాయి, బయటికి రాలేకపోయాయి, లోపల ఇటుకలు బురదయ్యాయి. చివరికి 1979లో అదంతా పీకేసి మళ్ళీ మట్టి పూతకే వచ్చారు, అప్పట్నుంచి ఊరివాళ్ళే కలిసి వేసుకుంటున్నారు. నేను రిపేర్ చేసిన ఒక పాత గదిలో కూడా అచ్చం ఇదే చూశాను. బయటనుంచి సిమెంటు నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది, కణుపుతో కొడితే మాత్రం డొల్ల శబ్దం. ఉలి పెట్టి లాగితే పలక మొత్తం ఊడి వచ్చింది, దాని వెనక మోకాలెత్తు దాకా గోడ చేత్తో తీసేంత మెత్తగా ఉంది, వేలు పెడితే రెండు కణుపులు లోపలికి దిగింది. అప్పటికి ఆ ఊళ్ళో వానపడి నెలలైంది.

ఉండటం మొదలెట్టాక

40 సెంటీమీటర్ల గోడ పగటి వేడిని లోపలికి చేర్చడానికి పది గంటల పైనే తీసుకుంటుంది, మధ్యాహ్నం ఎండ రాత్రికి లోపలికొస్తుంది. అందుకని పగలు తలుపులు కిటికీలు మూసి రాత్రి అన్నీ తెరిచి గోడని చల్లార్చాలి. పగలు వేడి, రాత్రి చలి ఉండే చోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. రాత్రి కూడా ఉక్కపోసే చోట అంత ఫలితం ఉండదు. మట్టి వేడిని దాచుకుంటుందే కానీ గట్టిగా అడ్డుకోదు, కాబట్టి నెలల తరబడి గడ్డకట్టే చలి ఉండే చోట గోడకి బయటనుంచి గడ్డి దిమ్మెల్లాంటి పొర ఏదైనా కావాలి.

ప్రతి పెద్ద వాన తర్వాత ఒక్కసారి ఇంటిచుట్టూ తిరగండి. తూము, మూలలు, గోడ అడుగు, కిటికీ కింద చూడాలి. వేలంత గాడి పడితే ఆ వారమే తడిపి మెత్తితే పది నిమిషాల పని, ఏడాది వదిలేస్తే ఇటుకలు మార్చాలి. మాలిలోని జెన్నెలో 1907లో ఇప్పటి రూపానికి కట్టిన పెద్ద మసీదుకి ఊరంతా ఏటా కలిసి మట్టి పూస్తారు, గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి కర్రలు కనిపిస్తాయి కదా, వాటి మీదెక్కే ఆ పని చేస్తారు, అంటే రిపేరుకి నిచ్చెనని కట్టేటప్పుడే గోడలో పెట్టేశారు. మీరూ రెండో అంతస్తు కడుతుంటే ఎక్కడానికి ఏం ఉంటుందో ముందే ఆలోచించుకోండి.

పాత గోడ పడగొట్టినా, విరిగిన ఇటుకలు మిగిలినా పారెయ్యొద్దు, నానబెట్టి కొత్త అడుసులో సగం దాకా కలుపుకోవచ్చు, గడ్డి మాత్రం మళ్ళీ కొత్తగా వెయ్యాలి. ఒక్క జాగ్రత్త, గోడ అడుగున ఉండే మొదటి మూడు నాలుగు వరసల మట్టి వేరుగా తియ్యండి, నేలలోంచి ఎక్కిన ఉప్పు అంతా అక్కడే చేరి ఉంటుంది, దాన్ని దారి గుంటలు పూడ్చడానికి వాడుకోండి.